ఆయన చెయ్యి పెడితేనే స్టార్టయ్యే కారు

మా కారుకు ఒక జబ్బు ఉండేది. తాళం తిప్పితే ఒక్కోరోజు బుద్ధిగా స్టార్టయ్యేది. ఒక్కోరోజు టక్కుమని ఒకే ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. లైట్లు వెలిగేవి, హారన్ మోగేది, వైపర్లు ఊగేవి, ఇంజను మాత్రం తిరిగేది కాదు. సెల్ఫ్ తీసుకోవడం లేదు అంటారు మెకానిక్కులు. పోనీ ఎప్పుడూ తీసుకోదా అంటే అదీ కాదు. పది రోజులు ఏ గొడవా ఉండదు. పదకొండో రోజు పొద్దున, సరిగ్గా మనకు తొందర ఉన్నప్పుడు, టక్. ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినదాన్ని, మొండి పిల్లల్ని చాలామందిని చూశాను. నయానో భయానో అందరినీ దారికి తెచ్చుకున్నాను. ఈ కారు ముందు నా పప్పులు ఉడకలేదు.

కారు కదలకపోతే మునిగిపోయేదేముంది అనుకునే ఇల్లు కాదు మాది. మా ఆయనకు రెండు కిడ్నీలూ పోయాయి. మా వైపు ఇది వింతేమీ కాదు, ఏ ఊళ్లో అడిగినా ఎవరో ఒకరు ఉంటారు. సోమ, బుధ, శుక్రవారాలు మార్కాపురం ఆస్పత్రిలో డయాలసిస్. పొద్దున ఏడు గంటలకు మంచం దగ్గర ఉండాలి. ఉండకపోతే ఆ మంచం వరసలో ఉన్న వేరేవాళ్లకు ఇస్తారు. ఒక్కసారి తప్పితే ఒంట్లో నీరు నిలిచి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. మా ఊరు కంభానికీ మార్కాపురానికీ మధ్య, పెద్దరోడ్డు దిగి లోపలికి రావాలి. మొదటి బస్సు వచ్చేసరికే ఏడు దాటుతుంది. అందుకని నేను రిటైరైన ఏడాది ఒక పాత తెల్లకారు కొన్నాం.

అసలు సంగతి ఇంకొకటుంది. ఆయనకు డయాలసిస్‌కు పోవడమే ఇష్టం లేదు. మొదటి రెండు నెలలూ ప్రతిసారీ ఒక యుద్ధం. "బాగయ్యేదుంటే పోదాం. బాగయ్యేది లేనప్పుడు ఆ సూదులెందుకు పొడిపించుకోవాల?" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, చివరికి రెక్క పట్టుకుని లేపేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆయన మా మేనత్త కొడుకు, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బావా అని పిలుస్తున్నాను. ఆయన లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలేది కాదు.

కారు వచ్చాక మనిషి మారాడు. అంతకుముందు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఉలి పట్టి రాతిని పొరలు పొరలుగా చీల్చేవాడు. కాగితం మందాన కూడా చీల్చగలడని అక్కడ పేరు. జబ్బు చేశాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. ఎడమచేతికి సూదుల కోసం ఆపరేషన్ చేసి, దాంతో బరువు ఎత్తొద్దన్నారు. కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది, ఆ ఒక్క చెయ్యీ కారుకు అంకితమైపోయింది. తెల్లవారకముందే లేచి అద్దాలు తుడిచేవాడు, రేడియేటర్లో నీళ్లు చూసేవాడు, చక్రాలను కాలితో తన్ని చూసేవాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే, ఊరి బయట మిరపకాయలు ఆరబోసే కళ్లంలో. గేరు తప్పు వేసినప్పుడల్లా "ఏంది టీచరమ్మా, మళ్లా ఫెయిలా?" అని పడీపడీ నవ్వేవాడు. నేను చెప్పుకోలేనంత కోపంతో నడిపేదాన్ని, లోపల మాత్రం సంతోషంగా ఉండేది. కారు తుడవడానికి లేచినవాడు, లేచాడు కదా అని డయాలసిస్‌కు కూడా వచ్చేవాడు. మా కొట్లాట ఆగిపోయింది.

కొన్న వారానికే బానెట్ కింద ఏదో గలగలమంటోందని పట్టుకున్నాడు. నాకేమీ వినబడలేదు. ఆయన మాత్రం ఒక రోజంతా బానెట్ ఎత్తి కూర్చుని ఆ చప్పుడు లేకుండా చేశాడు. ఏం చేశావు బావా అంటే "నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నాడు. మా ఇంట్లో ఏది ఊగినా, ఏది మోగినా ఆయన చేతిలో దానికి మందు ఉండేది. మంచం కోడు కింద పలక ముక్క, ఫ్రిజ్ కింద పలక ముక్క, బీరువా కింద రెండు. కిటికీ తలుపు కొట్టుకుంటుంటే సందులో ఒక పలచటి పలక. మా వైపు పలకల పని చేసినవాళ్ల ఇళ్లన్నీ ఇట్లాగే ఉంటాయి కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

మూడు నెలలకు ఆ టక్ మొదలైంది.

గిద్దలూరులో ఒక మెకానిక్ బ్యాటరీ పాతదైపోయింది అక్కా అన్నాడు. కొత్తది వేశాడు. రెండు వారాలు బాగా నడిచింది, తర్వాత టక్. మార్కాపురంలో ఇంకొకడు సెల్ఫ్ మోటారు విప్పి, లోపల కార్బన్లు అరిగాయని మార్చాడు. పది రోజులు నడిచింది, టక్. మూడోవాడు తాళం పెట్టే స్విచ్చే చెడిపోయిందన్నాడు. అది మార్చాక ఇరవై రోజులు నడిచింది. ఈసారి గెలిచాం అనుకున్నాను. ఇరవై ఒకటో రోజు టక్. వాళ్ల దగ్గరికి తీసుకుపోయిన రోజు మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు. "బాగానే ఉంది గదక్కా, మీరే తాళం సరిగ్గా తిప్పినట్టు లేదు" అన్నాడొకడు. వాడు నా దగ్గర చదువుకుని ఉంటే అక్కడికక్కడే గోడకుర్చీ వేయించేదాన్ని.

ఒక ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే స్టార్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. మర్నాడు సోమవారం, టక్. పక్కింటి వదిన వచ్చి ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. మాకు అట్లాంటివి లేవని నేను అనలేదు. అప్పటికి ఎవరు ఏం చేసినా వద్దనే స్థితిలో లేను.

ఇంతమంది చేతకానిది చేసింది మా ఆయన ఒక్కడే. టక్కుమన్న రోజున ఆయన నిదానంగా దిగి బానెట్ ఎత్తేవాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని ఉండేదాన్ని, ఎత్తిన బానెట్ అడ్డం కాబట్టి నాకు ఏమీ కనబడేది కాదు. బ్యాటరీ పక్కన కుడిచెయ్యి పెట్టి ఎక్కడో అదిమేవాడట. "ఆ, ఇప్పుడు కొట్టు" అనేవాడు. తాళం తిప్పితే భుర్రుమని స్టార్టు. బానెట్ ధన్ మని వేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవాడు.

"నా చెయ్యి పడందే ఇది కదలదు, చూసినావా?" అనేవాడు.

"ఎక్కడ నొక్కుతావో నాకూ చూపించరాదా?"

"చూపిస్తే నాతో పనేముంటాది టీచరమ్మా?"

నవ్వుతూనే అనేవాడు. ఆ రోజుల్లో ఆయన దారి పొడవునా మాట్లాడేవాడు. తర్లుబాడు దాటేదాకా కారు సంగతులే. ఆస్పత్రిలో సూది గుచ్చే సిస్టరుకు కూడా చెప్పేవాడు, మా బండికి నేనే డాక్టరునని. టక్కుమనని రోజున మాత్రం కొంచెం డీలా పడినట్టు కనిపించేవాడు. నాకు అప్పుడే అర్థం కావలసింది.

చివరికి మార్కాపురంలో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాం. దోర్నాల అడ్డరోడ్డులో శ్రీశైలం పోయే బండ్లను బాగుచేస్తూ పని నేర్చుకున్న మనిషి. చిన్నాయనా అని పిలిచేదాన్ని. ఆయన మా కారును ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. జరిగిందంతా విని తల ఊపాడు.

"బండి బాగున్నప్పుడు తెస్తే నేనేం చూసేదమ్మా? ఈ మెకానిక్కులందరూ మొదట బ్యాటరీ వైర్లే పీకినారు గదా? పీకి మళ్లా పెట్టేటప్పుడు ఏదో కదులుతాది, బండి లేస్తాది. మేమే బాగుచేసినామనుకుంటారు. అది మొరాయించిన రోజు ఎవురూ ముట్టుకోవద్దు. బానెట్ గూడ ఎత్తొద్దు. అట్లనే ఉంచి నాకు ఫోన్ చెయ్యండి. నేనే వస్తా."

ఇన్ని నెలల్లో నేను విన్న మొదటి తెలివైన మాట అది. కానీ అది మాకు పనికొచ్చే మాట కాదు. కారు మొరాయించేది ఎప్పుడు? ఆరు గంటలకు, మేము బయలుదేరేటప్పుడు. ముసలాయన స్కూటరు మీద వచ్చేదాకా ఆగితే మంచం పోతుంది. మా ఆయన దిగి చెయ్యి పెడితే నిమిషంలో కదులుతుంది. "ముట్టుకోవద్దన్నాడు బావా" అని నేను ఒకసారి అన్నాను. "ముట్టుకోకుంటే నన్ను ముట్టుకోవాల్సొస్తాది, నీళ్లు పోసి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బానెట్ ఎత్తేటప్పుడు ఆయన ముఖం చూస్తే మాత్రం ఎదురు చెప్పబుద్ధయ్యేది కాదు. ఆ విధంగా మా కారు రోగం పట్టుబడే అవకాశం వచ్చిన ప్రతిసారీ మేమే దాన్ని చెడగొట్టుకున్నాం.

నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడు డాక్టరు. మే నెలలో ఒక ఆదివారం దాహం ఆగక ఆయన నాకు తెలియకుండా చెంబెడు మజ్జిగ తాగాడు. ఇంకేం తాగాడో నాకు తెలియదు. సోమవారం తెల్లవారేసరికి పడుకోలేకపోతున్నాడు. కూర్చుంటే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. పెదవులు నల్లబడుతున్నాయి. భుజం కింద చెయ్యి వేసి తీసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాను. తాళం తిప్పాను.

టక్.

మళ్లీ తిప్పాను. టక్. వెనక నుంచి "చెయ్యి... చెయ్యి పెట్టు" అన్నాడు. "ఎక్కడ బావా? ఎక్కడ?" అన్నాను. చెప్పడానికి నోరు తెరిచాడు గానీ గాలి సరిపోలేదు. నేను దిగి బానెట్ ఎత్తాను. బ్యాటరీ చుట్టూ కనబడిన ప్రతి వైరునూ అదిమాను. అదిమి, పరుగెత్తుకొచ్చి తాళం తిప్పాను. టక్. మళ్లీ పోయి అదిమాను, మళ్లీ పరుగెత్తాను. అదిమే మనిషి ఒకరు, తిప్పే మనిషి ఒకరు ఉండాలని, నేను చెయ్యి తీసిన వెంటనే అది మళ్లీ చచ్చిపోతోందని ఆ క్షణాన నాకు తట్టలేదు. నా బుర్ర పని చేయలేదు. అంత చదువు, అంత ఉద్యోగం, ఆ పొద్దు నాకు ఎందుకూ కొరగాలేదు. తోయిద్దామంటే మా వాకిలి రోడ్డుకన్నా పల్లంలో ఉంది, ఆ వేళకు మగవాళ్లందరూ చేలకు పోయారు. నేను వీధిలో నిలబడి గట్టిగా అరిచాను.

పక్కింటి వదిన కొడుకు ట్రాలీ ఆటో తీశాడు. వెనక మిరప బస్తాలకు ఆనించి కూర్చోబెట్టి, నేను పట్టుకుని కూర్చున్నాను. మార్కాపురం చేరేసరికి ఏడూ నలభై. మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆయన్ను చూసి ఆక్సిజన్ పెట్టి, ఇంకో మంచం ఖాళీ చేయించారు. బతికాడు. రెండు రోజులు అక్కడే ఉంచారు.

ఇంటికి తెచ్చిన రోజున వాకిట్లో కారు ఆ సోమవారం ఎట్లా ఆగిందో అట్లాగే ఉంది. చెయ్యి పెట్టేవాడు లేక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను ముసలాయనకు ఫోన్ చేశాను. గంటలో వచ్చాడు. మా ఆయన వరండాలో కుర్చీలో, ఒళ్లో దుప్పటి వేసుకుని కూర్చుని చూస్తున్నాడు.

"తిప్పమ్మా" అన్నాడు ముసలాయన. టక్. బ్యాటరీకి మీటరు పెట్టి, బ్యాటరీ మంచిదేనన్నాడు. సంచిలోంచి లావుపాటి వైరు తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజను ఇనుముకు తగిలించాడు. "ఇప్పుడు తిప్పు." భుర్రుమని స్టార్టయింది. వైరు తీసేసి, ఇంజను ఆపి మళ్లీ తిప్పమన్నాడు. టక్.

"ఎర్త్ లేదమ్మా. బ్యాటరీ నుంచి పోయిన కరెంటు బండి ఇనుము గుండా తిరిగి బ్యాటరీకి రావాల. ఆ తిరుగుదారి యాడనో తెగింది. లైట్లకు చిటికెడు కరెంటు చాలు, సందులోంచి దూరి పోతాది. సెల్ఫ్‌కు చానా కావాల, దానికి చాల్లా."

నేను దిగి ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాను. బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే నల్లవైరును బండి బాడీకి బిగించిన బోల్టు విప్పాడు. వైరు కొసకూ ఇనుముకూ మధ్యలోంచి ఒక నల్లటి బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు.

పలక. అర్ధరూపాయంత గుండ్రంగా, మధ్యలో బోల్టు పట్టేంత బెజ్జం, కాగితమంత పలచన. అంచులు వేలికి గుచ్చుకోకుండా నున్నగా అరగదీసి ఉన్నాయి. ఆ పనితనం ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కరలేదు. ఆ రోజు గలగలమన్నది ఈ బోల్టే. అది ఆడకుండా ఆయన మంచం కోడుకు పెట్టినట్టే దీనికీ పెట్టాడు. కొన్నాళ్లు బోల్టు మరల గుండా కరెంటు ఎట్లాగో పోయింది. మరలు తుప్పు పట్టేకొద్దీ పోవడం మానేసింది. ఆయన అదిమినప్పుడు వైరు కొస పక్కనున్న ఇనుముకు తగిలేది. అంతే, ఇంకేమీ లేదు.

"రాయి గుండా కరెంటు పోతాదా? ఎవురమ్మా ఈ పని..." అని ముసలాయన మొదలుపెట్టాడు. నేను బిళ్లను పిడికిట్లో మూసి, వద్దన్నట్టు ఆయన వైపు చూశాను.

వరండాలోంచి "ఏందంట?" అని వినబడింది.

"వైరు ఎలక కొరికింది బావా" అన్నాను.

ముసలాయన నన్ను చూశాడు, వరండా వైపు చూశాడు. "ఔనయ్యా, ఎలకే" అన్నాడు. ఇనుము మీది తుప్పు గీకి, వైరును నేరుగా దానికి ఆనించి, పానా మీద తన బరువంతా వేసి బోల్టు బిగించాడు. ఇక ఇది జన్మలో మొరాయించదమ్మా అన్నాడు.

మొరాయించలేదు. ఆ శుక్రవారం తాళం తిప్పితే సగం తిప్పులోనే స్టార్టయింది. అలవాటు కొద్దీ మా ఆయన బానెట్ దగ్గర నిలబడి ఉన్నాడు, కుడిచెయ్యి కొంచెం పైకి లేపి. ఇంజను మోగాక కూడా ఒక క్షణం అట్లాగే ఉండి, తర్వాత వచ్చి ఎక్కాడు. సోమవారం అంతే. బుధవారం అంతే. రెండో వారానికి బానెట్ దగ్గరికి పోవడం మానేశాడు. మూడో వారానికి అద్దాలు తుడవడం మానేశాడు. నేను కావాలని రేడియేటర్లో నీళ్లు చూడలేదని గుర్తుచేశాను. "నువ్వు చూసుకోలేవా?" అన్నాడు. తర్లుబాడు వచ్చినా మాట ఉండేది కాదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. కారు ఇంత బాగా నడిచిన రోజులు మా ఇంట్లో ఎప్పుడూ లేవు. నాకు దాన్ని చూస్తే ఒక తన్ను తన్నాలనిపించేది.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అడిగాడు. "ఆ పలక బిళ్ల నీ బ్యాగులోనే పెట్టుకున్నావే?"

వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేశాను.

"మాత్రల కోసం చూస్తే కనబడినాది. రాయి గుండా కరెంటు పోదని నాకు తెల్దా? నలభై ఏండ్లు ఆ రాయితోనే బతికినా. ఆ రోజు తోచలా. ఇన్నాళ్లూ నేనే ఆపినా, నేనే కదిలిచ్చినా. పెద్ద పనోణ్ణని ఊరంతా చెప్పుకున్నా. నువ్వు గూడ ఎలక పేరు చెప్పి నా మానం కాపాడితివి."

"నీ పనితనం మీద నేనెప్పుడైనా మాట అన్నానా బావా?"

"అనలా. అదే గదా నేను చెప్పేది."

ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు, డయాలసిస్‌కు. మూడోసారి బుధవారం. అయిదున్నరకు లేపితే గోడవైపు తిరిగి "ఈ పొద్దు వద్దులే" అన్నాడు. కారు కొనకముందు మాదిరే, అదే గొంతుతో. నేను తిట్టాను. రెక్క పట్టుకున్నాను. బరువుగా పడుకుని ఉన్నాడు, లేపడం నావల్ల కాలేదు. బతిమాలాను. కళ్లు మూసుకున్నాడు.

నేను బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. బ్యాగులోంచి ఆ బిళ్ల తీసి, దిగి బానెట్ ఎత్తి, డిక్కీలో ఉన్న పానాతో ఆ బోల్టు విప్పబోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, దాన్ని మళ్లీ అక్కడే పెట్టేద్దామనుకున్నాను. ముసలాయన బిగించిన బిగింపు నా చేతులకు వీసమెత్తు కూడా కదల్లేదు. వచ్చి కూర్చుని, ఒక్కసారి టక్కుమను తల్లీ అని దండం పెట్టుకుని తాళం తిప్పాను. స్టార్టయింది. వెంటనే ఆపేశాను.

"బావా! సెల్ఫ్ తీసుకోవడం లేదు. ఒకసారి రా" అని కేకేశాను.

ఇంట్లోంచి ఆయన గొంతు వచ్చింది.

"అయింది గదా టీచరమ్మా. విన్నాలే."

ఏడు గంటలకు ఆస్పత్రి సిస్టరు ఫోన్ చేసి ఇంకా రాలేదేమని అడిగింది. ఆ మంచం వేరేవాళ్లకు ఇచ్చెయ్యమని నేనే చెప్పాను.